బాలమ్మ గొంతుతో పోగేసిన పాఠకులు

మొన్న ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు స్ఫూర్తి. పేరుకు తగ్గట్టే ఆమె ఉద్యోగం కూడా ఇతరులకు స్ఫూర్తి కలిగించడమే. తెలుగులో రాసేవాళ్లూ, కబుర్లు చెప్పేవాళ్లూ, వంటలు చేసి చూపించేవాళ్లూ చేరే ఒక చిన్న యాప్‌లో పని చేస్తుంది. అయితే ఆమె చిన్నది అనదు, "ఇంటిమేట్" అంటుంది. పెద్ద వేదికల మీద లక్షల మంది చూస్తారట గానీ ఒక్కరూ పట్టించుకోరట. ఇక్కడ వంద మందే ఉంటారట గానీ ఆ వంద మందీ ప్రాణం పెడతారట. ప్రాణం పెట్టే ఆ వంద మందిని ఎలా సంపాదించాలో కొత్తవాళ్లకు నేర్పడానికి నారాయణగూడలో ఒక ఆదివారం తరగతి పెడుతున్నారు, నేను వచ్చి మాట్లాడాలి. ఇంటర్నెట్‌లో తెలుగు రాయడం అందరికంటే ముందు మొదలుపెట్టినవాళ్లలో, ఇంకా ఓపికగా ఉండి, ఆటోకు దగ్గరలో దొరికింది నేనేనట. ఈ చివరి అర్హత ఆమె పైకి చెప్పలేదు, నేనే గ్రహించాను.

మా దీవాన్ మీద కూర్చుని చాయ్ చల్లారబెట్టుకుంటూ ఆమె నన్ను అరగంట ప్రశ్నలడిగింది. ఆ అరగంటలో "ఆథెంటిక్" అన్న మాట ఎన్నిసార్లు వాడిందో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను.

"మీ ఆథెంటిక్ వాయిస్ మీకు ఎక్కడ దొరికింది మేడమ్?"

"మా ఇంటి వెనక, నల్లా దగ్గర," అన్నాను.

"వావ్, రూట్స్!" అని ఆ అమ్మాయి ఫోన్‌లో రాసుకుంది. నేనేదో లోతైన మాట అన్నాననుకుంది. నేను చెప్పింది అక్షరాలా మున్సిపాలిటీ నల్లా గురించే. ఆమె వెళ్లిపోయాక చల్లారిన చాయ్ గ్లాసు కడుగుతూ చాలాసేపు మనసులో ఆ పాత నల్లా దగ్గరే ఉండిపోయాను. అందరూ నన్ను మెచ్చుకునే ఆ తొలిరోజుల సంగతి, మెచ్చుకోదగ్గ భాగాలు తీసేస్తే ఎలా ఉంటుందో ఒకసారి రాసి పెట్టాలనిపించింది.

అప్పుడు మేం చిక్కడపల్లిలో ఒక గల్లీ చివర కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. రైలు పెట్టెలాగా ఒకదాని వెనక ఒకటి మూడు గదులు, వాటి వెనక నాలుగు బండలు పరిచిన వాకిలి, ఆ వాకిట్లో రోజు విడిచి రోజు వచ్చే నల్లా. పక్కనే పిండిగిర్నీ ఉండేది. ఎండాకాలంలో వాళ్లు కారం పట్టినప్పుడల్లా గల్లీ గల్లీ అంతా ఒకేసారి తుమ్మేది. అది తప్ప మా గల్లీలో జనం కలిసికట్టుగా చేసిన పని నాకు గుర్తులేదు. నాన్న ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా లైబ్రరీకి పోయి నాలుగు పేపర్లు చదివి, ఇంటికొచ్చి ఆ వార్తలన్నీ తనే జరిపించినట్టు మాకు చెప్పేవాడు. అమ్మ నారాయణగూడలో ఒక ప్రైవేటు బళ్లో టీచరు. రోజంతా పిల్లల మీద అరిచి వచ్చేది కాబట్టి ఇంట్లో సైగలతోనే సంసారం నడిపేది. మధ్యాహ్నాలు ఇంట్లో ఉండేది నేనూ, నానమ్మా.

నానమ్మకు ఉదయం పూజ, మధ్యాహ్నం నిద్ర, అయిదింటికి చెంచాల తనిఖీ. మా ఇంట్లో పని చేసే బాలమ్మ గిన్నెలు తోమి బోర్లించగానే నానమ్మ పీట వేసుకుని కూర్చుని చెంచాలను ఒకటీ రెండూ మూడూ అని పైకి లెక్కపెట్టేది. ఎన్నడూ తగ్గలేదు. తగ్గనందుకు నానమ్మ కొంచెం నిరాశ పడేదని నా అనుమానం. బాలమ్మకు చాయ్ పోసే గ్లాసు వేరే ఉండేది, ప్రహరీ గోడ మీద, బోర్లించి. ఈ ఇంట్లోనే కూర్చుని నేను సమానత్వం గురించి, సమాజం గురించి కవితలు రాసేదాన్ని. ఆ గ్లాసు మాత్రం నా కవితల్లోకి ఎప్పుడూ రాలేదు.

బాలమ్మది పాలమూరు వైపు ఒక ఊరు. మొగుడూ పెళ్లాలిద్దరూ అప్పటికి పదిహేనేళ్ల కిందట మేస్త్రీ పనికి పట్నం వచ్చి, అశోక్ నగర్ మురికి నాలా పక్క బస్తీలో గుడిసె వేసుకున్నారు. ఇటుకలు మోసి మోసి ఆమెకు నడుము పట్టేస్తే ఆ పని మానేసి మూడిళ్లల్లో గిన్నెలు తోమేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. గిన్నె తోముతున్నంతసేపూ మాట్లాడేది. మనతోనే మాట్లాడుతుందని కాదు, గిన్నెతోనూ, నల్లాతోనూ, గోడ మీద కాకితోనూ మాట్లాడేది.

"నారాయణగూడల ఆ పెద్ద కాలేజీ ఉన్నది జూడు, దాని మూడో అంతస్తుకు ఇటుకలన్నీ నేనే మోసిన. మొన్న దూప అయితుంటే నీళ్లు తాగుతమని లోపలికి పోతే, వాచ్‌మన్ నువ్వెవరు అంటడు. నేనెవరో నీకేం ఎర్క బిడ్డా, నువ్వు నిలబడ్డ మెట్టుకు ఎర్క అన్న."

ఇలాంటి మాటలు ఆమె రోజుకు పది అనేది, పట్టించుకోకుండా నీళ్లతో పాటు వదిలేసేది. ఇవి ఆమె అందరి ముందూ అన్నవే కాబట్టి రాస్తున్నాను. అందరి ముందూ అననివి కూడా ఉన్నాయి, వాటి సంగతికి వస్తాను.

నేనప్పుడు గ్రూప్స్ పరీక్షకు తయారవుతున్నాను. అంటే, తయారవుతున్నానని నాన్న నమ్మేవాడు. నోటిఫికేషన్ పడిందేమో చూసొస్తానని చెప్పి రోజూ సాయంత్రం అశోక్ నగర్‌లో ఒక నెట్ సెంటర్‌కు పోయేదాన్ని. అక్కడ చెక్క అరలాంటి దాంట్లో కూర్చుని ఒక చిన్న తెలుగు సైటులో బ్లాగు రాసేదాన్ని. సగం కంప్యూటర్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపించే కాలం అది. ఆ డబ్బాల్లో కూడా సాహిత్యాన్ని చూడగలిగిన డెబ్భై ఎనభై మందిమి ఆ సైటులో ఉండేవాళ్లం. రాసేవాళ్లూ మేమే, చదివేవాళ్లూ మేమే, చదవకుండా బాగుంది అనేవాళ్లూ మేమే.

నా మొదటి నాలుగు నెలల రచనల్లో ఏకాంతం, మౌనం, వాన, కిటికీ అనే నాలుగు వస్తువులు వంతులవారీగా వచ్చేవి. వాటికి వచ్చిన స్పందన మొత్తం ఒక వ్యాఖ్య. "చాలా బాగుంది. నా బ్లాగు కూడా చూడగలరు." నేను పోయి చూశాను. అక్కడా వాన, కిటికీ.

ఇప్పుడు స్ఫూర్తి తరగతిలో దీనికి ఏదో పేరుంటుంది గానీ, అప్పుడు నేను చేసిన పనికి పేరు లేదు. నా రాతల కింద నేనే వేరే పేర్లతో వ్యాఖ్యలు రాయడం మొదలుపెట్టాను. వరంగల్ శ్రీనివాస్ అనే ఒక ఇంజనీరును సృష్టించాను, నన్ను మెచ్చుకోవడం అతని పని. "ఒక పాఠకురాలు" అనే ఆవిడను సృష్టించాను, శ్రీనివాస్‌తో విభేదించడం ఆవిడ పని. వాళ్లిద్దరూ నా కవిత మీద వారం రోజులు పోట్లాడుకున్నారు. మధ్యలో నేను కల్పించుకుని ఇద్దరినీ శాంతించమన్నాను. ఎవరూ రాలేదు. ముగ్గురం అలిసిపోయాం.

ఒక రోజు నా వాన కవిత కింద ఎప్పటిలాగే శూన్యం చూసి ఒళ్లు మండి, ఆ మధ్యాహ్నం బాలమ్మ గిన్నెతో అన్న మాట తీసి పెట్టాను. కింద పేరు సాయమ్మ, పాలమూరు అని రాశాను. "వాన పడితే నీకు కవిత్వం వస్తది బిడ్డా, నాకు ఇంట్లకు నీళ్లొస్తయి."

మర్నాడు పోయి చూస్తే ఆ ఒక్క మాట కింద మా సైటు సైటంతా చేరి ఉంది. ఎవరీ సాయమ్మ, ఎక్కడుంటుంది, ఇంకా మాట్లాడించండి అని ఒకటే గోల. నా కవిత గురించి ఒక్కరూ అనలేదు. ఆ బాధ కొంచెం ఉన్నా, జనం జనమే కదా అని సర్దుకున్నాను. సాయమ్మ మా ఇంటి దగ్గర ఉంటుందనీ, చదువు రాదనీ, ఆమె చెబుతుంటే నేనే టైపు చేస్తాననీ రాశాను. నెల తిరక్కుండానే సాయమ్మకు సొంత పేజీ ఏర్పాటైంది. మా సైటుకు పెద్దదిక్కు వామన్ రావు గారు, రిటైర్డ్ లెక్చరర్. ఆయన మంచిది అంటే మంచిది, కాదంటే కాదు. ఆయన సాయమ్మ గురించి మూడు పేజీల వ్యాసం రాశారు. అందులో "కల్తీ లేని గొంతు" అని ఉంది. ఆ వాక్యం చదివి నాకు నిజంగానే గర్వం కలిగింది. కల్తీ చేసిన మనిషికి అంతకంటే పెద్ద బిరుదు ఏముంటుంది?

ఇక నా దినచర్య స్థిరపడింది. నాలుగింటికి బాలమ్మ రాగానే పాలిటీ పుస్తకం పట్టుకుని వెనక మెట్టు మీద కూర్చునేదాన్ని. పుస్తకం అంచుల్లో పెన్సిల్‌తో ఆమె మాటలు రాసుకునేదాన్ని. చూసేవాళ్లకు ప్రాథమిక హక్కుల మీద నోట్సు రాసుకుంటున్నట్టుండేది. నానమ్మ నిద్రలో ఉన్నప్పుడు గోడ మీది గ్లాసు పక్కనబెట్టి, మా స్టీలు గ్లాసులో చాయ్ పోసి ఇచ్చేదాన్ని. ఉదారతకు కాదు. చాయ్ ఎక్కువైతే మాటా ఎక్కువయ్యేది.

"తర్వాత ఏమైంది బాలమ్మా? అప్పుడు నువ్వేమన్నవ్?" అని అడిగేదాన్ని.

"నీకెందుకే గవన్నీ? సదువుకో," అనేది ఆమె. కానీ చెప్పేది. రోజులు గడిచేకొద్దీ నేను కనిపించగానే ఆమె ముఖం విప్పారడం గమనించాను. కాకితోనూ గిన్నెతోనూ మాట్లాడటం తగ్గింది. ఆమె మాటలను అంత ఏకాగ్రతతో విన్న మనిషి పట్నంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ ఏకాగ్రత ఎందుకో ఆమెకు తెలియదు, అంతే.

ఒక మధ్యాహ్నం ఆమె తోముతున్న గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నా మెట్టు కింది మెట్టు మీద వచ్చి కూర్చుంది. ఎప్పుడూ కూర్చునేది కాదు. పట్నం వచ్చిన మొదటి ఏడు, ఒక బిల్డింగు పని దగ్గర, తన తొలిచూలు పిల్ల పోయిన సంగతి చెప్పింది. ఆ రోజు పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా ఏం జరిగిందో, తను ఏం చేసిందో, ఎవరు ఏమన్నారో వరసగా చెప్పింది. కన్నీళ్లు పెట్టుకోలేదు. చెప్పడం అయిపోయాక కొంగుతో మెట్టు తుడిచింది, అక్కడేదో ఒలికినట్టు.

"నా మొగనికి గూడ ఇది మొత్తం ఎర్క లేదు. నీకు చెప్పిన," అంది.

ఆమె ఏం చెప్పిందో ఇక్కడ రాయను. కానీ ఆ రోజు రాశాను. రాయాలా వద్దా అని తటపటాయించాననీ, మనసు ఒప్పుకోలేదనీ ఇప్పుడు చెప్పుకోవచ్చు, కాదనేవాళ్లెవరూ లేరు. నిజానికి చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ నడిచిపోయేలోగా మొదటి వాక్యం ఎలా ఉండాలో ఆలోచించుకున్నాను. ఎక్కడ ఆపితే గుండె పట్టేస్తుందో కూడా ఆలోచించుకున్నాను. చాలా బాగా కుదిరింది. ఆ సైటులో అంతకుముందు ఎప్పుడూ ఎవరికీ అన్ని వ్యాఖ్యలు రాలేదు. చదివి ఏడ్చామని రాశారు. ఆఫీసులో చదివి బాత్రూములోకి పోయి ఏడ్చామని రాశారు. వరంగల్ శ్రీనివాస్ అవసరమే రాలేదు.

ఆ తర్వాత వారంలోనే వామన్ రావు గారు ప్రకటన పెట్టారు. బాగ్ లింగంపల్లిలో సభలు జరిగే చోట మేడ మీద చిన్న హాలు తీసుకున్నామనీ, మన సైటు మిత్రులందరం తొలిసారి ముఖాముఖి కలుద్దామనీ, ఆ సందర్భంగా సాయమ్మకు శాలువా కప్పుదామనీ రాశారు. అందరూ సంతోషించారు. నాకు మాత్రం సాయమ్మను ఎలా తప్పించాలా అన్న ఆలోచన పట్టుకుంది. సాయమ్మకు జ్వరం వచ్చిందని రాద్దామనుకున్నాను. ఊరికి పోయిందని రాద్దామనుకున్నాను. ఒక దశలో చంపేద్దామని కూడా అనుకున్నాను. మా పాఠకులు దాన్ని చాలా ఇష్టపడేవారు. కానీ అప్పటికి సాయమ్మ పేజీకి ఉన్న పేరులో సగం నాకూ వస్తోంది. ఒక పత్రిక సంపాదకుడు నన్నే రాయమని అడిగి ఉన్నాడు. బతికున్న సాయమ్మ నాకు అవసరం. అందుకని ఎవరికీ తట్టని పరమ తెలివైన ఉపాయం ఆలోచించాను. బాలమ్మను తీసుకుపోదామనుకున్నాను.

"ఆదివారం ఒక మీటింగు ఉన్నది బాలమ్మా, నాకు తోడు రా. నీకు శాలువా కప్పుతరు," అన్నాను.

"నాకెందుకు?"

"కష్టపడే ఆడోళ్లకు సన్మానం చేస్తున్నరు."

ఆమె నమ్మింది. నమ్మడానికి ఆమెకు కారణం ఉంది, అప్పటిదాకా నేనామెకు అబద్ధం చెప్పినట్టు ఆమెకు తెలియదు. ఆదివారం తలకు నూనె రాసుకుని, ఉతికిన ఆకుపచ్చ చీర కట్టుకుని గల్లీ మొదట్లో నిలబడి ఉంది. ఆటోలో పోతూ అసలు విషయానికి కొంచెం తొవ్వ వేశాను.

"అక్కడ నిన్ను సాయమ్మ అంటరు. ఏమనకు."

"నా పేరు బాలమ్మ గదా?"

"వాళ్లకు అట్ల అలవాటయింది."

"సరే తియ్యి. ఒక ఇంట్ల నన్ను రెండేండ్లు రంగమ్మ అని పిలిచిన్రు. వాళ్లింట్ల ఇంతకుముందు పనిచేసినామె పేరంట. పేరుకేమున్నది," అంది.

హాల్లో పాతిక ముప్ఫై మంది ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు, "సాయమ్మతో ముచ్చట" అని బ్యానరు. మేం లోపలికి రాగానే అందరూ లేచి నిలబడ్డారు. బాలమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని. ఆమెను మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. ఇద్దరు ముగ్గురు కాళ్లకు మొక్కబోతే ఆమె కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది. తర్వాత వామన్ రావు గారు రెండు మాటలు మాట్లాడమ్మా అన్నారు.

బాలమ్మ నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె లేచి, గొంతు సవరించుకుని మాట్లాడింది. బస్తీకి మూడు నెలల నుంచి నీళ్ల ట్యాంకర్ సరిగ్గా రావడం లేదనీ, వచ్చినా ముందు గుడిసెల వాళ్లే పట్టుకుంటున్నారనీ, ఇంతమంది సదువుకున్నోళ్లు ఉన్నారు కాబట్టి కార్పొరేటర్ తెలిసినవాళ్లెవరైనా ఉంటే ఒక మాట చెప్పాలనీ అడిగింది. చక్కగా, వివరంగా, ఏ గుడిసె ఎక్కడుందో కూడా చెప్పింది. జనం ఒక చమత్కారం కోసం ఎదురుచూస్తున్నారు, వస్తున్నది ట్యాంకర్. నా వెనక కూర్చున్న ఒకావిడ పక్కావిడతో, "రాసినంత సహజంగా మాట్లాడటం లేదు కదూ," అంది.

సభ చల్లబడుతోందని గ్రహించిన వామన్ రావు గారు, మంచి మనిషి, దాన్ని నిలబెడదామని సంచిలోంచి కాగితాలు తీశారు. సాయమ్మ గొప్పతనం తెలియాలంటే ఇది వినాలి అన్నారు. చదవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల సంగతి. ఆయన గొంతు గంభీరంగా ఉండేది, ఆపవలసిన చోట ఆపేవారు. నేను ఎక్కడ ఆపమని రాశానో సరిగ్గా అక్కడ.

నేను లేచి ఆపి ఉండాల్సింది. కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. బాలమ్మకు మొదట అర్థం కాలేదు. ఆయన పుస్తకం చదివినట్టు చదువుతున్నారు కదా, ఎవరిదో కథ అనుకుంది. తర్వాత ఒక మాట దగ్గర, అది ఆ రోజు మేస్త్రీ అన్న మాట, ఆమె తల పైకెత్తింది. అక్కడి నుంచి చివరిదాకా కదలకుండా విన్నది. చేతులు మాత్రం ఒళ్లో శాలువాను మడతలు పెడుతూ ఉన్నాయి. చదవడం అయిపోయింది. ఎవరో ముక్కు చీదిన చప్పుడు. బాలమ్మ లేచి ఆయన దగ్గరికి పోయింది.

"సారూ, ఇది మీకు ఎవరు చెప్పిన్రు?"

"మీరే కదమ్మా చెప్పింది," అన్నారాయన, నవ్వుతూ.

ఆమె నన్ను చూసింది. ఆ క్షణంలో ఆమె ఒక్క మాట అంటే నా బ్లాగూ, పత్రికలో రాబోయే నా పేరూ, ఈ రోజు నేను అనుభవిస్తున్న సమస్తమూ అక్కడే అయిపోయేవి. ఆమెకు అది తెలుసని నా నమ్మకం. ఆమె సభ వైపు తిరిగింది.

"అవు. నేనే చెప్పిన," అంది. "గాని మీకు కాదు."

హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. సాయమ్మ ఎట్టకేలకు సాయమ్మలాగా మాట్లాడిందని వాళ్ల సంతోషం. ఆ రెండు మాటల్లో ఉన్న కవిత్వం గురించి తర్వాత ఒకాయన వ్యాసం కూడా రాశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఆటో ఎక్కనంది. నడిచాం. నేను రెండడుగులు వెనక. ముందుకు చూస్తూనే అడిగింది.

"ఎంతమంది సదివిన్రు?"

"వంద మంది ఉంటరు."

"నా మొగనికి సదువు రాదు. గది నయమైంది."

"రేపే తీసేస్త బాలమ్మా."

"నువ్వు తీస్తవ్. వాళ్ల తలకాయలకెళ్లి ఎవరు తీస్తరు?"

క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఎలా ఉంటుందో, ఏ మాటలు వాడాలో మనసులో కూర్చుకుంటున్నానని గ్రహించి నా మీద నాకే భయం వేసి ఊరుకున్నాను. మా గల్లీ మొదట్లో ఆమె ఆగింది.

"నువ్వు గట్ల మెట్టు మీద కూసోని ఇంటుంటే, నేనేమనుకున్న ఎర్కనా? ఈ పోరికి నేనంటే పానం అనుకున్న," అంది. నాలుగు మడతలు పెట్టిన శాలువా నా చేతిలో పెట్టింది. "గిది సాయమ్మది. ఆమెకియ్యి."

మర్నాడు ఆ పోస్టు తీసేశాను. సాయమ్మ ఊరికి వెళ్లిపోయిందని రాశాను. నిజం చెప్పే ధైర్యం రాలేదు, కాబట్టి ఇంకో అబద్ధం చాలా అందంగా రాశాను. పాఠకులు కన్నీటి వీడ్కోలు పలికారు. తర్వాత సంగతి మీకు తెలిసిందే. సాయమ్మను వెలికితీసిన రచయిత్రిగా నాకు పత్రికలో కాలమ్ వచ్చింది, తర్వాత పుస్తకం, దానికి వామన్ రావు గారి ముందుమాట. గ్రూప్స్ పరీక్ష పోయింది. ఇన్నేళ్లలో వామన్ రావు గారికీ చెప్పలేదు, ఆయన పోయేదాకా. కల్తీ లేని గొంతును కనిపెట్టిన ఆనందంతోనే ఆయన పోయారు.

స్ఫూర్తి పెట్టిన తరగతికి పోయాను. నారాయణగూడలో ఒక కోచింగ్ సెంటర్ పైగది, ముప్ఫై మంది పిల్లలు, గోడ మీద తెర. నాకంటే ముందు మాట్లాడిన అబ్బాయి నమ్మకం పెంచుకోవడానికి ఏడు మెట్లున్నాయని చెప్పి ఏడూ చూపించాడు. వాళ్లను వెక్కిరించడం నాకు తేలికే, ఇంతసేపూ చేసింది అదే. కానీ ఆ పిల్లలు నాకంటే చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల వ్యాఖ్యలు వాళ్లే రాసుకోవడానికి ఇప్పుడు యంత్రం ఉంది, నేను చేత్తో రాసుకున్నాను, అంతే తేడా. నా వంతు వచ్చినప్పుడు ఇదంతా మొదటిసారి పైకి చెప్పాను. అయిపోగానే ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. చురుకైన ముఖం, చేతిలో పెన్ను.

"మేడమ్, ఇంతకీ ఆమె ఏం చెప్పింది? ఆ రోజు ఏమైంది?"

"అది చెప్పను," అన్నాను.

"అట్ల మధ్యల ఆపితే ఆడియెన్స్ పరేషాన్ అయితరు మేడమ్," అంది. అందరూ నవ్వారు, నేను కూడా. చివర్లో స్ఫూర్తి నా చెయ్యి పట్టుకుని, చాలా ఆథెంటిక్‌గా ఉంది మేడమ్, దీన్నే ఎపిసోడ్లుగా చేద్దామా అంది.

ఆనాటి సభ తర్వాత బాలమ్మ పని మానేస్తుందనుకున్నాను. మానలేదు. సోమవారం నాలుగింటికి ఎప్పటిలాగే వచ్చింది. గోడ మీది గ్లాసే దించుకుంది. తర్వాత రెండేళ్లు మా ఇంట్లో పని చేసింది. ఆ రెండేళ్లలో నేను వెనక వాకిట్లోకి అడుగు పెడితే చాలు, మాట ఆగిపోయేది. కోపంగా కాదు. నల్లా కట్టేసినట్టు ఆగిపోయేది. గిన్నెల చప్పుడే వినిపించేది. నేను లోపలికి రాగానే మళ్లీ మొదలయ్యేది, నానమ్మతో. అప్పటికి నానమ్మకు చెవుడు బాగా ముదిరింది. చెంచాలు లెక్కపెట్టడం కూడా ఎప్పుడో మర్చిపోయింది. పీట వేసుకుని కూర్చుని బాలమ్మ నోటి వైపు చూస్తూ, మధ్యలో అవునవునని తలూపేది. వంటింటి కిటికీ అవతల నిలబడితే ఒక్కోసారి బాలమ్మ నవ్వు వినిపించేది, మాటలు వినిపించేవి కావు.

బస్తీ ఖాళీ చేయించారు. వెళ్లిపోతున్నానని చెప్పడానికి ఆమె ఒక పొద్దున వచ్చింది. అమ్మ చీర పెట్టింది. నాన్న పేపర్ మడిచి మంచిదమ్మా అన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి, "ఎక్కడికి పోతున్నవ్ బాలమ్మా?" అని అడిగాను. రెండేళ్ల తర్వాత నేను అడిగిన మొదటి ప్రశ్న. ఆమె నన్ను దాటి లోపలికి పోయి, నానమ్మ మంచం పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి చాలాసేపు చెప్పింది. నానమ్మ ఆమె తల నిమిరింది. ఆమె లేచి వెనక వాకిలి గుండానే వెళ్లిపోయింది.

నేను మంచం దగ్గరికి పోయి గట్టిగా అడిగాను, ఏం చెప్పింది నానమ్మా అని. రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఏమో బిడ్డా, ఇనబడలే," అంది నానమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "గాని మస్తు చెప్పింది."